ఫోన్లు పక్కన పడేసి విక్టోరియా కాలం సాయంత్రం ఒకటి గడపడం ఎలా

కావలసినవి ముందే చెప్పేస్తాను. ఒక హాలు, కనీసం ఏడెనిమిది మంది జనం, ఒక తెల్ల దుప్పటి, ఒక టేబుల్ లైటు, అగ్గిపెట్టె, రెండు కొవ్వొత్తులు, కాస్త దళసరి అట్ట, దారం, కాగితాలు, పెన్నులు, ఒక ఖాళీ బుట్ట. వీటన్నిటికంటే ముఖ్యం, సిగ్గుపడని బాబాయి ఒకరు. ఆయన లేకపోతే మిగతావన్నీ ఉన్నా దండగే, ఎందుకంటే మొదటి ఆటలో ఎవరో ఒకరు పిచ్చివేషం వేస్తేగానీ మిగిలినవాళ్ళకు ధైర్యం రాదు.

పోయిన సంక్రాంతికి మా పుట్టింట్లో పద్నాలుగు మందిమి పోగయ్యాం. భోగి సాయంత్రం చూస్తే హాల్లో పదకొండు ఫోన్లు వెలుగుతున్నాయి, ఒక్కరి నోటా మాట లేదు, మా అమ్మ అరిసెల పళ్ళెం పట్టుకుని వంటింట్లోంచి వచ్చి ఎవరి చేతికివ్వాలో తెలియక అలాగే నిలబడిపోయింది. ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలంలో ఇళ్ళల్లో జనం ఖాళీ వేళ ఏం చేసేవాళ్ళు అన్నదాని మీద నాకు ఎప్పటినుంచో పిచ్చి, ఏది దొరికితే అది చదువుతుంటాను, ఇంట్లో అందరూ నవ్వుతుంటారు. ఆ రోజు ఆ పిచ్చి పనికొచ్చింది. తర్వాత ఇంకో రెండుసార్లు చేశాం, ఒకసారి హైదరాబాదులో మా ఫ్లాట్లోనే. ఏది పండిందో ఏది తుస్సుమందో ఉన్నదున్నట్టు చెబుతాను.

"పార్లర్ గేమ్స్ ఆడదాం రండి" అని మాత్రం పిలవకండి. నేను అలాగే పిలిస్తే మా మరదలు "ఈ టైములో పార్లరా వదినా, ఐబ్రోసా?" అంది. వాళ్ళ పార్లర్ అంటే ఇంటి ముందుగది, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే గది. పియానో కొనగలిగిన ఇంట్లో పియానో ఉండేదీ అక్కడే.

అసలు వాళ్ళకు ఖాళీ ఎక్కడిది?

ఇది రెండు నిమిషాల్లో చెప్పి ఆటల్లోకి వెళ్ళిపోతాను, కానీ చెప్పకపోతే మీ ఇంట్లో ఎవరో ఒకరు "ఆ తెల్లదొరలకేం, పనీపాటా లేదు" అంటారు, మా నాన్న అన్నట్టే. విక్టోరియా ఏలింది 1837 నుంచి 1901 దాకా. ఆ అరవై నాలుగేళ్ళలో మొదటి భాగమంతా మామూలు జనానికి ఆదివారం తప్ప పెద్దగా సెలవుల్లేవు, ఆదివారం కూడా చర్చి, బైబిలు, గంభీరమైన మొహాలు. నిష్ఠ గల ఇళ్ళల్లో పిల్లల బొమ్మలు కూడా ఆ రోజు బీరువాలో పెట్టేసేవాళ్ళు, నోవా ఓడ బొమ్మ ఒక్కటి బైబిలు కథే కదా అని బయట ఉంచేవాళ్ళు. బ్రిటిష్ మ్యూజియం ఆదివారాలు తలుపులు తీసింది 1896లో!

1850లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళకు, చిన్న వయసు వాళ్ళకు శనివారం మధ్యాహ్నం 2 గంటలకు పని ఆపెయ్యాలంది. వాళ్ళు వెళ్ళిపోతే మిల్లు నడవదు, దాంతో మగవాళ్ళకూ విడుదల దొరికింది. ఆ సగం సెలవు మెల్లగా మిగతా పనుల్లోకీ పాకింది, ఫుట్‌బాల్ మ్యాచులు శనివారం మధ్యాహ్నం పెట్టే అలవాటు దాన్నుంచి వచ్చిందే. 1871లో జాన్ లబక్ అనే ఎంపీ బ్యాంకు సెలవుల చట్టం తెచ్చాడు. జనానికి ఎంత సంబరమంటే ఆగస్టు సెలవుకు ఆయన్ని ఋషిని చేసి "సెయింట్ లబక్ రోజు" అని పేరు పెట్టుకున్నారు. రైళ్ళు వచ్చాయి. 1841 జులై 5న థామస్ కుక్ అనే ఆయన మద్యం మానమని చెప్పే సభ కోసం లెస్టర్ నుంచి లఫ్‌బరోకు మనిషికి ఒక షిల్లింగు చొప్పున సుమారు 500 మందిని రైల్లో తీసుకెళ్ళాడు, తాగుడు మానినవాళ్ళు ఎంతమందో గానీ టూర్ల వ్యాపారం మాత్రం అలా పుట్టింది. పదేళ్ళకు, 1851లో, లండన్ హైడ్ పార్కులో గాజుమేడ కట్టి ప్రపంచ ప్రదర్శన పెడితే జనం 60 లక్షల పైచిలుకు సార్లు వచ్చి చూసిపోయారు.

ఇంకో లెక్క కూడా ఉంది. అదే 1851 జనాభా లెక్కల్లో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు దాదాపు పది లక్షల మంది తేలారు. ముందుగదిలో ఆటలు నడుస్తుంటే ఆ గదిలో మంట వేసినవాళ్ళూ, టీ తెచ్చినవాళ్ళూ, తర్వాత కప్పులు కడిగినవాళ్ళూ వాళ్ళే, ఆటలో మాత్రం లేరు. అందుకే నా మొదటి రూలు ఇది: ఇంట్లో ఒక్కరైనా వంటింట్లో ఉంటే ఆట మొదలుపెట్టొద్దు. అరిసెలు, జంతికలు ముందే హాల్లోకి తెచ్చి పడెయ్యండి, టీ ఫ్లాస్కులో పోయండి, మీ అమ్మను లాక్కొచ్చి కూర్చోబెట్టండి. మొదటిసారి నేను ఈ పని చెయ్యలేదు, అరగంట దాకా ఆవిడ గుమ్మంలో నిలబడే చూసింది.

ముందు ట్యూబులైటు ఆపండి

నన్నడిగితే సగం పని దీనితోనే అయిపోతుంది. ఆ కాలంలో సాయంత్రం అంటే కొవ్వొత్తులు, నూనె దీపాలు, 1850ల తర్వాత కిరసనాయిలు దీపం, ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో గ్యాసు దీపం. గదిలో ఒకేచోట వెలుగుంటే జనం ఆ వెలుగు చుట్టూ చేరక తప్పదు, చదువుకునేవాడూ కుట్టుకునేదీ అదే బల్ల దగ్గర కూర్చోవాలి, మనకు లాంతరు రోజుల్లో ఎలా ఉండేదో అలాగే. గదంతా వెలుతురుంటే ఎవరి మూల వాళ్ళది. ఒక పసుపు రంగు బల్బు టేబుల్ లైటు గది మధ్యలో పెట్టి మిగతావన్నీ ఆపండి. ఫోన్లు పక్క గదిలో మంచం మీద. వైఫై ఆపొద్దు, గొడవలవుతాయి, తలుపు వేస్తే చాలు.

మొదటి ఆట: కనిపించినా కనిపించనట్టు

మాటలు అక్కర్లేని ఆటతో మొదలుపెట్టాలి, ఎందుకంటే మొదటి పావుగంట ఎవరికీ నోరు పెగలదు. ఒక చిన్న వస్తువు తీసుకుని అందరికీ చూపించండి, వాళ్ళు కుట్టుపనిలో వేలికి తొడుక్కునే లోహపు తొడుగు వాడేవాళ్ళు, మేము మా అమ్మ కుంకుమ భరిణె వాడాం. అందరూ బయటికి వెళ్ళాలి, ఒక్కరు లోపలుండి దాన్ని దాచాలి. దాచడం అంటే సొరుగులో పెట్టడం కాదు, కంటికి కనిపించేచోటే, ఏదీ జరపకుండా, ఏదీ తెరవకుండా చూడగలిగేచోట పెట్టాలి. అందరూ లోపలికొచ్చి చేతులు వెనక్కి కట్టుకుని వెతుకుతారు. కనిపించినవాళ్ళు అరవకూడదు, వేలు చూపకూడదు, ఇంకో నాలుగడుగులు అటూఇటూ తిరిగి మెల్లగా కూర్చోవాలి. చివరికి నిలబడి మిగిలినవాళ్ళు ఒంటి మీదో జేబులోనో ఉన్న ఏదో ఒక వస్తువు తీసి బుట్టలో వెయ్యాలి. ఆ బుట్ట సంగతి తర్వాత చెబుతాను, దాన్ని మర్చిపోవద్దు.

మా వదిన భరిణెను షోకేసులో కొండపల్లి బొమ్మల మధ్య పెట్టింది. ఎర్ర రంగులో ఎర్ర రంగు, దశావతారాల పక్కన పదకొండో అవతారంలా కూర్చుంది. మా ఆరేళ్ళ మేనల్లుడు ముందు కూర్చున్నాడు, వాడి కళ్ళ ఎత్తుకు సరిగ్గా ఎదురుగా ఉందిగా. మా నాన్న దాని ముందునుంచి ఐదుసార్లు తిరిగాడు, అందరం కూర్చున్నాక ఒక్కడే గది మధ్యలో నిలబడి "అసలు పెట్టారా లేదా మీరు?" అని అరిచాడు. ఆయన వాచీ బుట్టలో పడ్డాక ఇంట్లో అందరికీ మూడ్ వచ్చేసింది.

పంతులుగారి పిల్లి

వాళ్ళ ఆట పాదిరిగారి పిల్లి. అందరూ గుండ్రంగా కూర్చుని మోకాళ్ళ మీద ఒక దెబ్బ, చప్పట్లు ఒక దెబ్బ, ఆ తాళానికి తగ్గట్టు ఒక్కొక్కరు పిల్లికి ఒక విశేషణం చెప్పాలి. మొదటి చుట్టులో అన్నీ మొదటి అక్షరంతో, రెండో చుట్టులో రెండో అక్షరంతో. తాళం తప్పినా, చెప్పిన మాటే చెప్పినా బుట్టలో వస్తువు. ఇంగ్లీషులో 26 అక్షరాలతో ముగుస్తుంది. మనకు ఇంతకంటే మంచి అవకాశం ఉంది. అ చుట్టు మామూలుగా పోయింది: అల్లరి పిల్లి, అమాయకపు పిల్లి, అప్పుల పిల్లి, అలిగిన పిల్లి. ఋ దగ్గర ఆట ఆగిపోతుంది, "ఋణగ్రస్త పిల్లి" అని ఒకరు గట్టెక్కుతారు, రెండోవాడికి ఏమీ మిగలదు, కాబట్టి దాన్ని దాటెయ్యండి.

అసలు మజా గుణింతంలో ఉంది. క తీసుకుని వంతుకో గుణింతం: పంతులుగారి పిల్లి కంగారు పిల్లి, కాటుక పిల్లి, కిలాడీ పిల్లి, కీచుగొంతు పిల్లి, కుదురులేని పిల్లి, కూనిరాగాల పిల్లి. కృ మా బాబాయికి వచ్చింది, క్షణం ఆలోచించకుండా "కృష్ణాజిల్లా పిల్లి" అన్నాడు. కెవ్వుమనే పిల్లి, కేకల పిల్లి అయ్యాక కై దగ్గర మా పిన్ని "కైకలూరు పిల్లి" అంది. ఊళ్ళ పేర్లు చెల్లవని మా తమ్ముడు, కృష్ణాజిల్లా చెల్లితే కైకలూరెందుకు చెల్లదని పిన్ని, పది నిమిషాలు పోట్లాట. ఊళ్ళు చెల్లుతాయో లేదో మొదలుపెట్టేముందే తేల్చుకోండి. మా ఇంట్లో చెల్లుతాయి. ఇంగ్లీషు మాటలు చెల్లవని పెట్టుకుంటే ఇంటర్ చదివే పిల్లలు గిలగిల్లాడిపోతారు, బామ్మలు ఏలేస్తారు.

నీడలాట, దీనికి టైము పెట్టుకోండి

ఒక్క ఆటే ఆడగలరంటే ఇది ఆడండి. విక్టోరియా కాలంలో క్రిస్మస్ రాత్రుళ్ళు బాగా ఆడేవాళ్ళు. హాలుకీ పడగ్గదికీ మధ్య గుమ్మానికి తెల్ల దుప్పటి కట్టండి, ముడతలు లేకుండా లాగి, కింద అంచుకు రెండు బరువులు పెట్టండి. దుప్పటి వెనక ఐదారు అడుగుల దూరంలో, నేలకు దగ్గరగా ఒక్కటే దీపం. ఇక్కడ మొదటిసారి నేను తప్పు చేశాను. ఎల్‌ఈడీ బల్బులు వరసగా ఉండే లైటు పెట్టాను, ఒక్కో మనిషికి నాలుగు నీడలు పడి ఏమీ అర్థం కాలేదు. వెలుగు ఒక్క చుక్క నుంచే రావాలి. నిజం చెప్పాలంటే ఫోను టార్చి అన్నిటికంటే బాగా పనిచేస్తుంది, కాబట్టి ఒక ఫోనుకు మాత్రం లోపలికి ప్రవేశం.

ఒకరు హాల్లో దుప్పటి వైపు తిరిగి కూర్చుంటారు, వాళ్ళు దొంగ. మిగతావాళ్ళు దీపానికీ దుప్పటికీ మధ్యగా ఒక్కొక్కరే నడిచి పోవాలి. నీడ చూసి ఎవరో చెప్పాలి. మనవాళ్ళకు రూల్సు చెప్పక్కర్లేదు, కళ్ళు మూసి "వీరీ వీరీ గుమ్మడిపండు వీరి పేరేమి" అని అడగడం చిన్నప్పుడు అందరూ ఆడిందే, ఇక్కడ కళ్ళకు బదులు దుప్పటి. వేషాలు మార్చుకోవచ్చు, వీపు మీద దిండు కట్టుకోవచ్చు, కుంటుతూ నడవొచ్చు, టోపీ పెట్టుకోవచ్చు, మూతికి అట్టముక్కతో ముక్కు అతికించుకోవచ్చు.

రెండు కిటుకులు. దుప్పటికి దగ్గరగా నడిస్తే నీడ గీత గీసినట్టు వస్తుంది, దీపానికి దగ్గరైతే రాక్షసుడంత పెరిగి అంచులు చెదిరిపోతాయి. మన తోలుబొమ్మలాటలో బొమ్మను తెరకు ఆనించి ఆడించేది అందుకే, రంగు కూడా కనపడాలి కదా. రెండోది, ఆట చివర్లో ఒకరు దుప్పటి దగ్గర నుంచి వెనక్కి నడుస్తూ నడుస్తూ దీపం మీదుగా అవతలికి దాటెయ్యాలి. ఇటు కూర్చున్నవాళ్ళకు ఆ మనిషి అమాంతం పెరిగి కప్పు చీల్చుకుని పైకి ఎగిరిపోయినట్టు కనిపిస్తుంది. ఆనాటి నీడ నాటకాల్లోనూ ఈ కిటుకు వాడేవాళ్ళు. ఇది వైరు లేని దీపంతోనే చెయ్యండి, వైరు తట్టుకుంటే మనిషీ దీపమూ రెండూ పోతాయి.

బాబాయి మా అమ్మ చీర కట్టి, తల మీద ఇత్తడి బిందె పెట్టుకుని, పొట్ట లోపలికి లాక్కుని నడిచాడు. మా అమ్మ సగం అడుగు కూడా చూడకుండా "మరిది గారూ, చీర చిరుగుతుంది జాగ్రత్త" అంది. ఎలా తెలిసిందంటే, ఆ ఎడమ భుజం ఒకవైపుకు వాల్చి నడవడం ముప్పై ఏళ్ళుగా చూస్తున్నానుగా అంది. పిల్లలు ఒకరినొకరు గుర్తుపట్టలేరు, పెద్దవాళ్ళు అందరినీ పట్టేస్తారు, అది చూడటమే సగం సరదా.

మంటలతో ఏది చెయ్యొచ్చు, ఏది చెయ్యకూడదు

ఈ ఆటల గురించి చదివే ప్రతివాళ్ళూ ముందు అడిగేది స్నాప్‌డ్రాగన్ గురించి. వెడల్పాటి గిన్నెలో ఎండుద్రాక్ష పోసి, పైన బ్రాందీ పోసి, నిప్పంటించి, దీపాలార్పి, నీలం మంటల్లోంచి వేళ్ళతో ద్రాక్షలు లాగి నోట్లో వేసుకోవాలి. పిల్లలు కూడా ఆడేవాళ్ళు. ఆడొద్దు. సింథటిక్ చుడిదారులు, ఊగే చున్నీలు, కర్టెన్ల మధ్య దీన్ని తలుచుకుంటేనే నాకు టెన్షన్ వస్తుంది.

దానికి బదులు మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త చూపించిన కొవ్వొత్తి ట్రిక్కు చెయ్యండి. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకు సైన్సు ఉపన్యాసాలు పెట్టడం 1825లో మొదలైంది. విక్టోరియా కాలంలో అది కూడా ఒక వినోదమే, టికెట్టు తీసుకుని వెళ్ళేవాళ్ళు. 1860 చివర్లో ఫారడే ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు, స్నాప్‌డ్రాగన్‌లో ఎండుద్రాక్షలు వత్తుల్లా పనిచేస్తాయని చెప్పిందీ వాటిలోనే. ట్రిక్కు ఇది: ఫ్యాను ఆపండి, కొవ్వొత్తి ఐదు నిమిషాలు బాగా కాలనివ్వండి, రెండో కొవ్వొత్తి వెలిగించి చేత్తో పట్టుకోండి, మొదటిదాన్ని మెల్లగా ఆర్పండి, వత్తి నుంచి తెల్లటి పొగ తీగలా లేస్తుంది. రెండో మంటను వత్తికి తాకించకుండా, అంగుళంన్నర పైన, ఆ పొగకు తగిలించండి. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని అంటిస్తుంది. అది మామూలు పొగ కాదు, మైనం ఆవిరి, అదే మండే సరుకు. గట్టిగా ఊది ఆర్పితే పొగ చెదిరిపోయి పని జరగదు, ఇది పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉండాలి. మా మేనల్లుడు పదిహేడుసార్లు చేయించాడు.

కుర్రకారు "దెయ్యాన్ని పిలుద్దాం" అంటారు, అంటారు చూడండి. అప్పటివాళ్ళకూ ఈ పిచ్చి ఉండేది. 1853లో అయితే ఇంగ్లండంతా బల్లల చుట్టూ కూర్చుని చేతులానిస్తే బల్లలు వాటంతటవే తిరుగుతున్నాయని గోల. ఫారడే దీని సంగతీ తేల్చాడు. చేతులకీ బల్లకీ మధ్య అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి మెత్తటి జిగురు ఉండలతో అతికించి పెట్టాడు. బల్ల తనంతట తాను కదిలి చేతుల్ని లాగితే కింది అట్టలు ముందు జరగాలి, చేతులే తోస్తుంటే పైవి ముందు జరగాలి. పైవే జరిగాయి, తోస్తున్నవాళ్ళకు తోస్తున్నామని తెలియదు అంతే. మా ఇంట్లో ఈ కథ చెప్పాక, దెయ్యాన్ని పిలవడానికి తెచ్చిన గ్లాసూ నాణెం లోపలికి పోయాయి.

పిల్లలకు విడిగా ఒక బొమ్మ

రాత్రి ఎనిమిది దాటితే చిన్నపిల్లలు సతాయిస్తారు, వాళ్ళ చేతికి పని పెట్టాలి. పెళ్ళి శుభలేఖ అట్ట మీద టీ గ్లాసు బోర్లించి గుండ్రంగా గీసి కత్తిరించండి. ఒకవైపు పంజరం, రెండోవైపు చిలక. ఎడమ, కుడి అంచుల్లో ఒక్కో చిల్లు, వాటికి జానెడు దారాలు. రెండు దారాలూ వేళ్ళ మధ్య పట్టుకుని గిర్రున తిప్పితే చిలక పంజరంలోకి వెళ్ళి కూర్చుంటుంది. రెండు బొమ్మలూ కంట్లో కలిసిపోతాయి, సినిమా అనేది పుట్టకముందే కళ్ళను ఇలా మోసం చేసే బొమ్మలు బోలెడు అమ్మేవాళ్ళు. ఒక్క జాగ్రత్త: రెండోవైపు బొమ్మ తలకిందులుగా వెయ్యాలి, ఎందుకంటే బిళ్ళ అడ్డంగా ఉన్న దారం మీద పల్టీ కొడుతుంది. నేను రెండూ నిటారుగా వేశాను, మా చిలక పంజరంలో శీర్షాసనం వేసింది. పిల్లలకు అదే నచ్చింది, దిద్దనివ్వలేదు.

బైటికి చదవడం

ఇది నేను అనుకున్నంత తేలిగ్గా జరగలేదు, కానీ వదలొద్దు. అప్పట్లో నవలలు నెలకో భాగం చొప్పున, ఒక్కోటి షిల్లింగుకు వచ్చేవి. పుస్తకాలు అద్దెకిచ్చే మూడీ లైబ్రరీలో ఏడాది చందా ఒక గినీ, అంటే 21 షిల్లింగులు. అందుకని ఇంటికి ఒక్క ప్రతి, ఒకరు చదవడం, మిగతావాళ్ళు వినడం. అదే రాణి కాలంలో ఇక్కడ రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన నవలను 1878 నుంచి వివేకవర్ధని పత్రికలో వంతులవారీగా వేశారు. వారపత్రిక రాగానే సీరియల్ ఎవరు ముందు చదవాలని మన ఇళ్ళల్లో జరిగిన యుద్ధాలు ఇంకా గుర్తున్నవాళ్ళు ఉంటారు.

చదివేవాళ్ళు గొంతు మార్చి చదవగలవాళ్ళయి ఉండాలి, ఇరవై నిమిషాలకు మించకూడదు, మంచి పట్టులో ఆపెయ్యాలి. వినేవాళ్ళ చేతికి పని ఉండాలి, ఇది చాలా ముఖ్యం. అప్పటి ఆడవాళ్ళు కుట్లు, అల్లికలు పట్టుకునేవాళ్ళు. మేము మొదటిసారి ఊరికే కూర్చుంటే పది నిమిషాల్లో ఇద్దరు గురక. రెండోసారి ఒక చేట నిండా చిక్కుడుకాయలు, ఒక పళ్ళెంలో పత్తి పెట్టాను. వత్తులు చేస్తూ, కాయలు ఒలుస్తూ అందరూ చివరిదాకా విన్నారు, మర్నాడు కూర కూడా అయిపోయింది.

చదవడం పండకపోతే వైకుంఠపాళి తియ్యండి. అది మనదే గానీ విక్టోరియా కాలం ఆట కూడా, 1890ల్లో పాములూ నిచ్చెనలూ అని అక్కడి పిల్లలకు అమ్మారు. మన పచ్చీసును కుదించి, గవ్వల బదులు పాచిక పెట్టి, 1896లో లూడో అని పేటెంటు తీసుకున్నారు. మన పిల్లలు ఇప్పుడు దాన్ని ఫోన్లో ఆడుతున్నారు.

పగలైతే

సెలవు రోజు పగలు ఖాళీ ఉంటే పిక్నిక్కు. 1861లో ఇసబెల్లా బీటన్ అనే ఆవిడ ఇంటి నిర్వహణ పుస్తకంలో 40 మంది పిక్నిక్కుకు జాబితా ఇచ్చింది, చదివితే కళ్ళు తిరుగుతాయి: నాలుగు వేయించిన కోళ్ళు, రెండు బాతులు, లాబ్‌స్టర్ అనే సముద్రపు రొయ్యలు ఆరు, పద్దెనిమిది లెట్యూసులు, సీసాలు సీసాలు బీరు, వాటి బిరడాలు లాగడానికి మూడు కార్క్‌స్క్రూలు. మంచినీళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి, మోసుకెళ్ళడం అనవసరం అంటుంది, కాఫీ పిక్నిక్కులో చెయ్యడం కష్టం, వద్దు అంటుంది. నీళ్ళ విషయంలో ఆవిడ మాట వినకండి. కాఫీ విషయంలో మా నాన్న ఒప్పుకోడు.

ఆటలకైతే బ్యాడ్మింటన్ చాలు. పూనాలో బ్రిటిష్ సైనికులు ఆడిన ఆట 1870ల్లో ఇంగ్లండు చేరి, బ్యాడ్మింటన్ హౌస్ అనే జమీందారు మేడ పేరు తగిలించుకుంది, తిరిగొచ్చి ఇవాళ హైదరాబాదు అకాడమీల్లో స్థిరపడింది. క్రోకే అని బంతుల్ని సుత్తులతో కొట్టి తీగ కమ్మీల్లోంచి పోనిచ్చే ఆట ఉంది, దానికి పచ్చిక బయలు కావాలి, అపార్టుమెంటు పార్కులో వాచ్‌మన్ ఊరుకోడు.

చివరికి బుట్ట

బుట్ట మర్చిపోలేదు కదా. వాళ్ళ సాయంత్రాలన్నీ దీనితోనే ముగిసేవి, అసలు ఓడిపోవాలని అందరూ కోరుకునేది కూడా దీనికోసమే. ఒకరు కళ్ళు మూసుకుని కూర్చుంటారు, తీర్పరి. ఇంకొకరు బుట్టలోంచి ఒక వస్తువు తీసి తీర్పరి తల మీద పట్టుకుని, "ఇదిగో ఒక వస్తువు, బహు చక్కని వస్తువు, దీని సొంతదారు ఏం చెయ్యాలి?" అని అడుగుతారు. తీర్పరి ఎవరిదో తెలియకుండా శిక్ష చెప్పాలి. అది చేస్తేనే వస్తువు తిరిగిస్తారు.

అప్పటి శిక్షల్లో సగం ముద్దులే. పెళ్ళికాని అమ్మాయీ అబ్బాయీ పెద్దల ఎదుట చెయ్యి తాకడం కూడా కష్టమైన రోజుల్లో ఈ ఆటలు అంతగా ఆడారంటే కారణం ఇదేనని నా నమ్మకం. వాటిని వదిలేస్తే మిగిలినవి మాటల మెలికలు. "తాళం కన్నంలోంచి నువ్వు దూరు" అంటారు, బిక్కమొహం వెయ్యకుండా కాగితం మీద "నువ్వు" అని రాసి చుట్టి కన్నంలోంచి దూర్చాలి. ఇప్పటి తలుపులకు అలాంటి కన్నాలు లేవు, మేము గాజులోంచి దూర్చాం. "అట్లకాడ నుంచి అంగుళం కొరుకు" అంటే మూతికి అంగుళం దూరంలో అట్లకాడ పట్టుకుని గాలిని కొరకడమే. మొదటిసారి మా తమ్ముడు నిజంగానే పళ్ళు పెట్టాడు.

నాకు నచ్చింది నాలుగు మూలల శిక్ష. ఒక మూలలో నవ్వాలి, ఒక మూలలో ఏడవాలి, ఒక మూలలో పాడాలి, నాలుగో మూలలో ఆడాలి. ఆ రాత్రి కళ్ళు మూసుకుని కూర్చున్న బాబాయి ఆ శిక్ష చెప్పేసరికి తల మీద ఉన్నది మా అమ్మ తాళాలగుత్తి. ఆవిడ లేవదనుకున్నాం. లేచింది. మొదటి మూలలో నవ్వింది, చెప్పక్కర్లేకుండానే నవ్వు వచ్చేస్తోంది. రెండో మూలకు వెళ్ళి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "అయ్యో, గ్యాసు బండ అయిపోయిందర్రా, పొద్దున పొంగలి ఎలా వండేది" అని రాగాలు తీసి ఏడ్చింది. అందరం పడీపడీ నవ్వాం. మూడో మూలలో పాట సగంలో ఉండగా మా వదినకు అనుమానం వచ్చి వంటింట్లోకి వెళ్ళి చూసింది. నిజంగానే అయిపోయింది.